తాడు తెగినా పడని లిఫ్టు: ఎలిషా ఓటిస్ జీవితం

పాఠం గురించి

మీలో కొందరు పగలు అపార్టుమెంటులో వాచ్‌మన్‌గానో, కారు డ్రైవరుగానో, మెకానిక్కు దగ్గర సహాయకుడిగానో పనిచేసి, రాత్రిపూట ఈ పుస్తకం తెరుస్తూ ఉండవచ్చు. అలాంటివారికి కారు పార్కింగు లిఫ్టు కొత్త వస్తువు కాదు. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై, ముంబయి వంటి నగరాలలో స్థలం చాలక, ఒక కారు పట్టే చోట రెండు కార్లు నిలపడానికి సెల్లార్లలో ఈ లిఫ్టులు పెట్టుకున్నారు. మొదటి కారును ఇనుప పలక మీదికి ఎక్కించి మీట నొక్కితే, ఆ పలక కారుతో సహా పైకి లేస్తుంది. కింద ఖాళీ అయిన చోట రెండో కారు నిలుపుతారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కింది కారు తలుపు తీసుకుని మనిషి దిగుతున్నప్పుడు అతని నెత్తి మీద టన్నుకు అటూ ఇటూగా బరువు ఉంటుంది. దాన్ని పట్టి ఉంచుతున్నది ఏది? గొలుసా, ఇనుప తీగల తాడా, నూనె ఒత్తిడా? వీటిలో ఏదైనా ఒకనాడు పట్టు తప్పితే ఏమవుతుంది? సుమారు 170 ఏళ్ల క్రితం అమెరికాలో, మంచాలు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేసే మేస్త్రీకి ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. ఆయన పేరు ఎలిషా గ్రేవ్స్ ఓటిస్. ముందుగా ఆయన జీవితాన్నీ, ఆయన కనిపెట్టిన ఒక చిన్న ఏర్పాటునూ తెలుసుకుందాం. ఆ తర్వాత మళ్లీ మన సెల్లారుకు వచ్చి, అక్కడి లిఫ్టును ఎలా చూసుకోవాలో పరిశీలిద్దాం.

తొలి రోజులు

ఓటిస్ 1811 ఆగస్టు 3న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో హాలిఫాక్స్ అనే ఊళ్లో పుట్టాడు. వారిది వ్యవసాయ కుటుంబం. ఆరుగురు పిల్లల్లో ఆయన చివరివాడు. సేద్యం మీద ఆయన మనసు నిలవలేదు. 19వ ఏట ఇల్లు విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణం చేరి, అక్కడ కొన్నేళ్లు పనులు చేసుకుని బతికాడు. 1834లో సూజన్ హౌటన్‌ను పెళ్లి చేసుకున్నాడు. చార్లెస్, నార్టన్ అని ఇద్దరు కొడుకులు పుట్టారు. ఆ రోజుల్లోనే న్యుమోనియా వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. బతికి బయటపడ్డాడు గాని, ఆయన ఆరోగ్యం ఆ తర్వాత ఎప్పుడూ అంత గట్టిగా లేదు.

కూడబెట్టిన కొద్దిపాటి డబ్బుతో వెర్మాంట్ కొండల్లో ఒక ఏటి ఒడ్డున పిండిమర కట్టాడు. ఆ మరను ఏటి నీరే తిప్పేది. గిరాకీ రాలేదు. దాన్నే కోత మిల్లుగా మార్చాడు. అదీ నడవలేదు. అప్పుడు బండ్లు, గుర్రపు బగ్గీలు తయారు చేయడం మొదలుపెట్టాడు. ఈ పని బాగానే సాగింది. బగ్గీ కింద కుదుపు తగలకుండా వేసే ఉక్కు కమాను పట్టీల గుణం ఆయనకు ఇక్కడే చేతికి అబ్బి ఉండాలి. లారీల కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలను మీరు చూసే ఉంటారు. అవే కమాన్లు. ఈ మాటను గుర్తు పెట్టుకోండి, కొంచెం ముందుకు వెళ్లాక మళ్లీ దీనితో పని పడుతుంది.

1842లో భార్య చనిపోయింది. పెద్ద కొడుక్కు అప్పటికి ఏడేళ్లు, చిన్నవాడు ఇంకా పసివాడు. 1845లో ఓటిస్ మళ్లీ పెళ్లి చేసుకుని, పిల్లలతో ఆల్బనీ నగరానికి మకాం మార్చాడు. అక్కడ మంచాలు తయారు చేసే ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేరాడు. మంచం కోళ్లు, పట్టెలు చేత్తో చేసి చేసి విసిగిపోయి, ఆ పనిని నాలుగింతలు వేగంగా చేసే యంత్రాన్ని తయారు చేశాడు. యజమాని సంతోషించి 500 డాలర్లు బహుమానంగా ఇచ్చాడు. ఆ డబ్బుతో సొంతంగా ఒక చిన్న కర్మాగారం పెట్టుకున్నాడు. రైలుబండిని త్వరగా ఆపే బ్రేకు ఒకటి తయారు చేయడానికి పూనుకున్నాడు. ఆపడం, నిలపడం అనే పని మీద ఆయన దృష్టి అప్పటికే ఉందన్నమాట. కర్మాగారం యంత్రాలను తిప్పేది పక్కనే పారే వాగు. నగరపాలక సంస్థ ఆ వాగు నీటిని మంచినీటి అవసరాలకు మళ్లించింది. నీరు పోయింది, వ్యాపారమూ పోయింది.

నలభై ఏళ్ల వయసు, ఇద్దరు కొడుకులు, మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు మూసిన పనులు. మీలో చదువు మధ్యలో ఆపి, పని మారి, ఊరు మారి వచ్చినవారికి ఈ పరిస్థితి వివరించి చెప్పనక్కరలేదు.

యాంకర్స్‌లోని ఫ్యాక్టరీ

1850ల మొదట్లో ఓటిస్ న్యూజెర్సీ మీదుగా న్యూయార్క్ నగరానికి దగ్గరలోని యాంకర్స్ పట్టణానికి వచ్చాడు. అక్కడ మూతబడిన కోత మిల్లును మంచాల ఫ్యాక్టరీగా మార్చే పని ఆయనకు అప్పగించారు. పాత సామాను, చెత్త కుప్పలుగా పడి ఉన్నాయి. బరువైన యంత్రాలను, కలపను పై అంతస్తులకు చేర్చాలి. దానికి ఒక ఎత్తుడు బల్ల కావాలి.

ఎత్తుడు బల్లలు ఆ రోజుల్లో కొత్త కావు. ఈ సంగతి స్పష్టంగా తెలుసుకోండి, ఎందుకంటే ఓటిస్ లిఫ్టును కనిపెట్టాడని చాలా పుస్తకాలు రాసేస్తాయి. అది సరికాదు. బరువును తాడుతో, గిలకతో పైకి లాగడం అనాదిగా ఉన్నదే. మన బావి గిలక, చేంతాడు, బొక్కెన కూడా ఆ కోవలోవే. ఓటిస్ కాలానికి ఆవిరి యంత్రంతో లాగే బల్లలు ఫ్యాక్టరీలలో, గోదాములలో పనిచేస్తూనే ఉన్నాయి. చిక్కు అంతా తాడుతోనే. చేంతాడు తెగితే బొక్కెన బావిలో పడుతుంది, పాతాళగరిగె వేసి వెతికి తీసుకుంటాం. ఎత్తుడు బల్ల తాడు తెగితే సరుకు పగిలేది, కింద ఉన్నవాడి ప్రాణం పోయేది. అందుకే వాటి మీద సరుకు ఎక్కించేవారే గాని, మనిషి ఎక్కాలంటే భయపడేవాడు.

ఇలాంటప్పుడు ఎవరికైనా తట్టే ఉపాయం ఒకటే, ఇంకా లావు తాడు వేయడం. ఓటిస్ అలా ఆలోచించలేదు. ఎంత లావు తాడైనా ఒకనాడు అరుగుతుంది, నానుతుంది, తెగుతుంది. తెగుతుందనే అనుకుని, తెగిన క్షణంలో బల్లను పట్టుకునే ఏర్పాటు చేయాలన్నది ఆయన పద్ధతి. ఈ పాఠానికి ప్రాణం ఇదే. తర్వాతి భాగాన్ని తొందరపడకుండా చదవండి.

ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుంది?

ముందు మనసులో ఒక బొమ్మ గీసుకోండి. బల్లకు అటూ ఇటూ రెండు నిలువు స్తంభాలు ఉన్నాయి. బల్ల వాటి మధ్య పైకీ కిందికీ కదులుతుంది. ఆ స్తంభాల లోపలి వైపున కింది నుంచి పైదాకా రంపపు పళ్ల లాంటి గాట్లు పెట్టారు. బల్ల పై భాగంలో ఒక బండి కమాను అడ్డంగా బిగించారు. ఎత్తే తాడును నేరుగా బల్లకు కట్టలేదు. కమాను నడుముకు కట్టారు.

తాడు బిగుతుగా ఉన్నంతసేపు ఏమవుతుంది? బల్ల బరువు కిందికి లాగుతుంది, తాడు పైకి లాగుతుంది. ఈ రెండు లాగుడుల మధ్య కమాను విల్లులా వంగుతుంది. వంగినందువల్ల దాని రెండు కొసలు లోపలికి ముడుచుకుని స్తంభాల పళ్లకు తగలకుండా ఉంటాయి. బల్ల హాయిగా కదులుతుంది.

ఇప్పుడు తాడు తెగిందనుకోండి. కమానును పైకి లాగేది ఏదీ లేదు. ఉక్కు కమాను తన సహజ గుణం కొద్దీ చాచుకుంటుంది. చాచుకోగానే దాని కొసలు రెండు వైపులా పళ్లలో దిగబడతాయి. బల్ల కొన్ని అంగుళాలు జారి, అక్కడే ఆగిపోతుంది.

ఇందులోని తెలివి గమనించారా? ప్రమాదాన్ని గుర్తించి మీట నొక్కే మనిషి ఇక్కడ లేడు. ఆవిరి గాని, మరే శక్తి గాని అక్కరలేదు. బరువు సక్రమంగా వేలాడుతున్నంతసేపు ఆ బరువే తాళాన్ని తీసి ఉంచుతుంది. పట్టు తప్పిన క్షణాన తాళం దానంతట అదే పడుతుంది. అంటే ఈ యంత్రానికి పడిపోవడం కంటే ఆగిపోవడమే సులువు. ఎక్కువ వేగంతో నడిచే తర్వాతి కాలపు లిఫ్టులలో కమాను, పళ్ల బదులు వేగాన్ని పసిగట్టే గవర్నరు, పట్టాలను నొక్కి పట్టే దవడలు వచ్చాయి. ఏర్పాటు మారింది గాని ఆలోచన మారలేదు.

పాఠంలోని ప్రశ్నలు

కింది ప్రశ్నలకు జవాబులు మీ నోటుపుస్తకంలో రాసుకుని, పై భాగాన్ని మళ్లీ చదివి సరిచూసుకోండి.

1. తాడును నేరుగా బల్లకు కట్టి ఉంటే, తాడు తెగినప్పుడు కమాను పనిచేసేదా? ఎందుకు?

2. స్తంభాల పళ్లలో రంపపు పొట్టు, జిడ్డు పేరుకుపోయి గట్టిపడితే ఏమవుతుంది?

రెండో ప్రశ్నకు జవాబు పాఠంలో నేరుగా లేదు. మీరే ఆలోచించి రాయండి. దీని అవసరం ముందు ముందు కనబడుతుంది.

జనం ముందు తాడు కోయించిన రోజు

ఓటిస్ తన ఏర్పాటును మొదట అంత గొప్పగా అనుకోలేదు. పేటెంటు తీసుకోలేదు, యజమానిని బహుమానమూ అడగలేదు. ఫ్యాక్టరీ పని మందగించడంతో కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతుందని వెళ్తున్న జనంతో తానూ వెళ్లిపోదామనుకున్నాడు. ఇంతలో 1853లో న్యూయార్క్‌లోని ఒక సామాన్ల తయారీదారు నుంచి రెండు లిఫ్టులు కావాలని కబురు వచ్చింది. ఒక్కొక్కదాని ధర 300 డాలర్లు. ఆయన ప్రయాణం మానుకుని, యాంకర్స్‌లోనే లిఫ్టుల తయారీ మొదలుపెట్టాడు. కొడుకులు ఆయనకు తోడుగా పనిచేశారు.

ఆ రెండింటి తర్వాత గిరాకీ పెద్దగా పెరగలేదు. తాడు తెగినా పడదని చెబితే ఎవరు నమ్ముతారు? 1854లో న్యూయార్క్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల భవనంలో పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరుగుతోంది. ఓటిస్ అక్కడ తన బల్లను నిలబెట్టాడు. దాని మీద పీపాలు, పెట్టెలు పేర్పించి, తానూ ఎక్కి నిలబడ్డాడు. జనం తలెత్తి చూసేంత ఎత్తుకు బల్లను లేపించాడు. అప్పుడు బల్లను మోస్తున్న ఒక్కగానొక్క తాడును కోయించాడు. గొడ్డలితో కోశారని కొందరు, కత్తితో కోశారని కొందరు రాశారు. ఏదైతేనేం, తాడు తెగింది. బల్ల కొద్దిగా జారి ఆగిపోయింది. ఓటిస్ దాని మీద నిలబడే ఉన్నాడు.

ఇది గారడీ ప్రదర్శనలా కనిపించవచ్చు. కాని అందులో ఒక నిజాయితీ ఉంది. తన యంత్రం మీద ఇతరుల ప్రాణం పెట్టే ముందు ఆయన తన ప్రాణం పెట్టాడు. పైగా పరీక్ష పూర్తి బరువుతో చేశాడు. ఖాళీ బల్లను లేపి దించి బాగుందనలేదు.

క్రమంగా గిరాకీ పెరిగింది. 1857 మార్చి 23న న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే వీధిలో, పింగాణీ, గాజు సామాన్లు అమ్మే హావౌట్ అనే ఐదంతస్తుల దుకాణంలో ఓటిస్ లిఫ్టు మొదలైంది. ప్రజలు ఎక్కడానికి వ్యాపార భవనంలో పెట్టిన మొదటి భద్రమైన లిఫ్టుగా దీన్ని చెబుతారు. ఆవిరి యంత్రం దాన్ని లాగేది. నిమిషానికి 40 అడుగుల వేగం, అంటే మెల్లగా మెట్లెక్కే మనిషి కంటే ఎక్కువేమీ కాదు. ఆ భవనం నేటికీ నిలిచి ఉంది.

ఓటిస్ ఆవిరి నాగలి, రొట్టెలు కాల్చే పొయ్యి వంటి మరికొన్నింటికి కూడా రూపకల్పన చేశాడు. ఏదో ఒకటి చేస్తూ ఉండటం ఆయన స్వభావం. లెక్కాపత్రాలు చూసుకోవడం మాత్రం ఆయనకు చేతనయ్యేది కాదు, అప్పులు ఎప్పుడూ వెంట ఉండేవి. 1861 జనవరి 15న తన ఎత్తుడు యంత్రానికి పేటెంటు పొందాడు. మూడు నెలలైనా గడవకముందే, ఏప్రిల్ 8న డిఫ్తీరియా వ్యాధితో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు.

కొడుకులిద్దరూ వ్యాపారాన్ని నిలబెట్టి పెంచారు. నార్టన్ తర్వాత యాంకర్స్ మేయరూ, అమెరికా పార్లమెంటు సభ్యుడూ అయ్యాడు. 1889లో పారిస్‌లో కట్టిన ఈఫిల్ టవరులో ఓటిస్ కంపెనీ లిఫ్టులు పెట్టారు. 1892లో కలకత్తాలో అప్పటి వైస్రాయి నివాసంలో, అంటే తర్వాతి కాలంలో రాజ్‌భవన్‌గా పేరుపొందిన భవనంలో, ఆ కంపెనీ మన దేశంలో తన తొలి లిఫ్టును అమర్చింది. వైస్రాయి ఎక్కిన లిఫ్టు నుంచి మన పేట ఆసుపత్రి లిఫ్టు దాకా, అక్కడి నుంచి సెల్లారులో కారును ఎత్తే లిఫ్టు దాకా చాలా దూరమే వచ్చాం.

సెల్లారులోని లిఫ్టు

ఇప్పుడు మన సెల్లారులోకి వెళదాం. లైటు వేసి, లిఫ్టు ముందు నిలబడండి. రెండో, నాలుగో ఉక్కు స్తంభాలు కనిపిస్తాయి. వాటి మధ్య కారు ఎక్కే పలక ఉంది. పక్కన మోటారు, పంపు, నూనె తొట్టి కలిసిన పవర్ ప్యాకు ఉంది. పంపు తోసిన నూనె సిలిండరులోకి వెళ్లి దాని కడ్డీని తోస్తుంది. ఆ తోపును గొలుసులో, ఇనుప తీగల తాళ్లో పలకకు అందిస్తాయి. ఇదంతా ఎత్తే భాగం.

పట్టి ఉంచే భాగం వేరే ఉంది. స్తంభాల లోపల చూడండి, నిచ్చెన మెట్లలా వరుసగా గాట్లు ఉంటాయి. పలక పైకి వెళ్తున్నప్పుడు ఒక ఇనుప నాలుక ఆ గాట్ల మీద టక్కు టక్కుమని పడుతూ పోతుంది. ఓటిస్ స్తంభాల పళ్లు గుర్తుకు వచ్చాయా? ఇవి వాటి మునిమనవలు. నాలుక తన బరువుతోనో స్ప్రింగుతోనో దానంతట అదే పడుతుంది. దాన్ని వెనక్కి లాగి పట్టడానికే కరెంటో, చేతి మీటో కావాలి. కరెంటు పోతే నాలుక పడే ఉంటుంది. తాడు వదులైతే వెంటనే పట్టుకునే మరో తాళం కూడా కొన్ని లిఫ్టులలో ఉంటుంది.

కాబట్టి లిఫ్టు పైకి వెళ్లిన ప్రతిసారీ ఆ చప్పుడు వినండి. అన్ని స్తంభాల నుంచీ వినిపించాలి. ఒక స్తంభం మూగబోయిందంటే, ఆ వైపు నాలుక జిడ్డులోనో తుప్పులోనో ఇరుక్కుందని అర్థం. అది బాగయ్యేదాకా లిఫ్టు వాడకూడదు. పలక కావలసిన ఎత్తుకు చేరాక కొద్దిగా కిందికి దించి, నాలుకల మీద కూర్చోబెట్టాలి. ఈ చివరి పని చాలామంది మానేస్తారు. పలక పైకి వెళ్లింది, చాలనుకుంటారు. అలా వదిలేస్తే కారు రాత్రంతా నూనె ఒత్తిడి మీద, గొలుసు మీద వేలాడుతుంది. నాలుకల మీద కూర్చోబెడితే బరువు నేరుగా స్తంభాలకు చేరుతుంది. తాడుకూ సిలిండరుకూ విశ్రాంతి దొరికి, వాటి ఆయుష్షు పెరుగుతుంది. భద్రత, మన్నిక రెండూ ఇక్కడ ఒకే పనిలో ఉన్నాయి.

మేము చూసిన ఒక అపార్టుమెంటులో రాత్రిపూట ఆ టక్కు టక్కు చప్పుడుకు నిద్ర పాడవుతోందని మొదటి అంతస్తువారు గొడవ పెట్టారు. వాచ్‌మన్ ఏం చేశాడో తెలుసా? తాళం మీటను వెనక్కి లాగి కట్టుతీగతో బిగించేశాడు. చప్పుడు పోయింది. అందరూ సంతోషించారు. ఎన్ని నెలలు అలా నడిచిందో ఎవరికీ గుర్తు లేదు. సర్వీసుకు వచ్చిన మెకానిక్కు కళ్లబడి, ఆ తీగను కోసి పారేశాడు. అదృష్టం కొద్దీ ఆ నెలల్లో గొలుసు తెగలేదు. ఆ వాచ్‌మన్‌ను తప్పుపట్టడం సులువు. కాని ఆ చప్పుడు దేనికో అతనికి చెప్పినవాడు ఒక్కడూ లేడు.

తాళం సంగతి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. మోటారు పాడైతే ఆ రోజే తెలుస్తుంది, కారు కదలదు. నూనె కారితే నేల మీద మరక కనబడుతుంది. తాళం పాడైతే మాత్రం ఏమీ తెలియదు. అది అవసరపడే రోజు దాకా లిఫ్టు మామూలుగానే నడుస్తుంది. నెలకోసారైనా నాలుకలను, గాట్లను గుడ్డతో తుడిచి, దుమ్ము, గట్టిపడిన గ్రీజు తీసి, తేలికగా కదులుతున్నాయో లేదో చూడాలి. ఇందాక మీరు రాసుకున్న రెండో జవాబు ఇప్పుడు తీసి చూడండి.

తాడు, గొలుసు, నూనె

ఇనుప తీగల తాడును చూసేటప్పుడు వట్టి చేతిని దాని మీద నడపకండి. తెగిన తీగ ముక్క సూదిలా గుచ్చుకుంటుంది. లిఫ్టును ఆపి, ఒక పాత గుడ్డను తాడు మీద వదులుగా పట్టి లాగండి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగలు తెగినట్టు. గిలకల మీద వంగే చోట, కొసలు బిగించిన చోట మరింత శ్రద్ధగా చూడాలి. తాడు సన్నబడినా, మడత పడినా, తుప్పు లోపలికి దిగినా దాన్ని మార్చాలి. తెగిన తీగలను కత్తిరించి నున్నగా చేసి ఊరుకోవడం మోసం, అది తమను తాము మోసం చేసుకోవడమే.

గొలుసు తెగే ముందు సాగుతుంది. నిజానికి లంకెల మధ్య చీలలు అరుగుతాయి, అందువల్ల పొడవు పెరుగుతుంది. మామూలుగా నూటికి 2 నుంచి 3 వంతుల దాకా పెరిగితే మార్చేస్తారు. మీ లిఫ్టుకు ఎంతో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, అదే ఖాయం. రెండు వైపుల గొలుసులు ఒకే బిగువుగా ఉండాలి. పలక ఒక పక్కకు ఒరిగి లేస్తుంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

నూనె మట్టాన్ని పలక పూర్తిగా దిగి ఉన్నప్పుడు చూడాలి. నూనె పాలలా తెల్లబడితే నీరు కలిసినట్టు. వానాకాలంలో సెల్లారులోకి నీరు వచ్చే భవనాలలో ఇది జరగవచ్చు. రబ్బరు గొట్టం చిట్లి నూనె చిమ్ముతుంటే వేలు పెట్టి ఆపబోకండి. ఆ ఒత్తిడికి నూనె చర్మంలోకి దూసుకుపోగలదు. అది పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన ప్రమాదం. స్తంభాల అడుగున నేలలోకి దిగిన బోల్టులు వదులయ్యాయా, వాటి చుట్టూ కాంక్రీటు పగిలిందా అన్నది కూడా చూస్తూ ఉండాలి. నీరు నిలిచే చోట స్తంభం మొదట్లోనే తుప్పు పడుతుంది. ఎండిన వెంటనే గీకి రంగు వేయిస్తే ఆ లిఫ్టు ఎన్నో ఏళ్లు అదనంగా నిలుస్తుంది.

బరువు సంగతి. ప్రతి లిఫ్టుకూ అది ఎంత మోయగలదో రాసిన పలక బిగించి ఉంటుంది. చిన్న కార్లు టన్నుకు లోపే ఉంటాయి. పెద్ద బండ్లు 2 టన్నులు దాటవచ్చు. పాత చిన్న కారు అమ్మి పెద్ద బండి కొన్న యజమాని, లిఫ్టు కూడా అదేగా అనుకుంటాడు. చెప్పవలసింది మీరే. డిక్కీలో సామాను బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

లిఫ్టు కదులుతున్నప్పుడు దాని కింద గాని, పలక మీది కారులో గాని మనిషి ఉండకూడదు. పిల్లలు దాగుడుమూతలకు సెల్లారునే ఎంచుకుంటారు గనుక, మీట నొక్కే ముందు వంగి ఒకసారి కింద చూడండి. తాళంచెవిని లిఫ్టుకే వదిలేయకుండా దగ్గర ఉంచుకోండి. శుభ్రం చేసే ముందు మెయిన్ స్విచ్చి ఆపి, ఎవరూ వేయకుండా దానికి బోర్డు తగిలించండి. తుడవడం, చూడటం, వినడం, రాసి పెట్టడం మీ పని. తాడు మార్చడం, తాళం సరిచేయడం, నూనె గొట్టాలు విప్పడం శిక్షణ పొందిన మెకానిక్కు పని. ఈ గీత దాటకండి. మెకానిక్కు సర్వీసుకు వచ్చిన రోజున పక్కనే నిలబడి, తాళాలను పరీక్షించారా అని అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పుగా అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు.

చేసి చూడండి

మీరు పనిచేసే చోట గాని, దగ్గరలో గాని ఉన్న పార్కింగు లిఫ్టును, అది లేకపోతే మనుషులెక్కే లిఫ్టును, యజమాని అనుమతితో బయటి నుంచి పరిశీలించండి. అది మోయగల బరువు ఎంత అని రాశారు? చివరిసారి సర్వీసు చేసిన తేదీ ఎక్కడైనా ఉందా? పార్కింగు లిఫ్టయితే పలక పైకి లేచేటప్పుడు ఎన్ని స్తంభాల నుంచి తాళం చప్పుడు వినిపించింది? ఈ వివరాలను తేదీతో సహా ఒక పేజీలో రాసి, అధ్యయన కేంద్రానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి. ఏ స్తంభమైనా మూగగా ఉన్నట్టు గమనిస్తే, కేంద్రానికి వచ్చే రోజు దాకా ఆగకండి. ఆ సాయంత్రమే భవనం కార్యదర్శికి చెప్పండి.